సొట్ట యాడికి పోతాది

నంద్యాల పాత బజార్లో ఓంప్రకాష్ కొట్టు తెరవడమూ నోరు తెరవడమూ ఒకేసారి జరిగేవి. షట్టరు సగం లేస్తుండగానే మెట్ల మీద పడుకున్న కుక్కను తిట్టేవాడు. కొట్టుకు అడ్డంగా తోపుడుబండి పెట్టిన అరటిపండ్లామెను తిట్టేవాడు. ఆ తర్వాత స్టీలు బిందెలు బయట వరసగా పేర్చి, ఒక్కోదాన్ని గుడ్డతో తుడిచి, వేలితో కొట్టి మోత విని గాని గల్లాపెట్టె ముందు కూర్చునేవాడు కాదు. యాభై దాటిన మనిషి. చెడ్డవాడు కాదని బజారంతా ఒప్పుకుంటుంది. కాకపోతే ఆ మాట కొంచెం దూరంగా నిలబడి ఒప్పుకుంటుంది.

ఈ మధ్య తిట్లు కొట్టు దాకా ఆగడం లేదు, ఇంట్లోనే మొదలవుతున్నాయి. పొయ్యి మీద పాలు పెట్టి అటు తిరిగేలోగా పొంగిపోతాయి. పాలను తిడతాడు. చక్కెర డబ్బా ఏ అరలో ఉందో దొరక్క చక్కెరను తిడతాడు. ఇవన్నీ చూసుకునే భార్య భార్గవి ఎండాకాలంలో కోయిలకుంట్లలో పుట్టింటికి పోయింది. వానలు పడి, శనగ విత్తే రోజులు దగ్గరికొస్తున్నా తిరిగి రాలేదు.

దానికి కారణం కారు.

అది మోరిస్ మైనర్. ఇంగ్లండులో తయారై, ఓడలో మద్రాసు చేరి, అక్కడి నుంచి నంద్యాలకు వచ్చింది. సొంత దేశానికి తిరిగిపోతున్న ఒక రైల్వే ఇంజనీరు దగ్గర ఓంప్రకాష్ తాత దాన్ని కొన్నాడు. గుండ్రటి బానెట్టు, ఉబ్బిన మడ్‌గార్డులు, లేత పెసర రంగు. బజార్లో అందరూ దాన్ని సీమ కారు అంటారు. రాయలసీమ అని కాదు, దొరల సీమ అని. తాత కొట్టిన సొట్టలు వెనక డిక్కీ మీద, తండ్రి రామనాథం కొట్టినవి బానెట్టు మీద ఉన్నాయి. ఓంప్రకాష్ కొట్టినవి ఎక్కడున్నాయో అతను ఒప్పుకోడు.

సొట్టలు ఎందుకు తీయించలేదంటే, సీమ రేకుకు ఒక గుణముంది. ఊళ్ళో అందరికీ తెలిసిందే. దానికి పడిన సొట్ట చావదు. సుత్తితో కొట్టి ఇక్కడ తీసేస్తే, దగ్గర్లో ఉన్న ఇంకోదానికి పడుతుంది. అందుకని ఆ ఇంట్లో సొట్టలను పెంపుడు పిల్లుల్లాగా వదిలేశారు.

భార్గవికి నలభై ఆరో ఏట కారు తోలాలని బుద్ధి పుట్టింది. డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకుంది. ఒక పొద్దున తాళాలు తీసుకుని, మెల్లగా, ఎవరి సాయం లేకుండా, సీమ కారును ఇంటి నుంచి బజారు దాకా తెచ్చింది. కొట్టు కనిపించేసరికి సంతోషం పట్టలేక హారన్ కొట్టింది. హారన్ మీదున్న ధ్యాస మలుపు మీద లేకపోయింది. కుడివైపు డోరు కరెంటు స్తంభానికి ఒరుసుకుని, చేట పట్టేంత సొట్ట పడింది.

ఓంప్రకాష్ కొట్టులోంచి ఉరికొచ్చాడు. భార్యకు దెబ్బ తగిలిందేమో చూడలేదు. డోరు చూశాడు.

"కండ్లు యాడ పెట్టుకున్నావే? మనిషికైతే మారు మనిషి దొరుకుతాది. ఈ డోరుకు మారు డోరు యాడ దొరుకుతాది? చెప్పు, యాడ తెస్తావ్?" అని బజారంతా వినేలాగా అరిచాడు.

భార్గవి కారు దిగింది. తాళాలు గల్లాపెట్టె మీద పెట్టింది. మరుసటి పొద్దున కోయిలకుంట్ల బస్సెక్కింది.

ఓంప్రకాష్ తన లెక్క తాను వేసుకున్నాడు. గొడవ డోరు వల్ల వచ్చింది. డోరు బాగైతే గొడవ ఉండదు. ఎటూ డోరు చేయించేటప్పుడు మిగతా కారు కూడా కొత్తదాన్లా చేయించి, దాంట్లోనే పోయి ఆమెను పిలుచుకొస్తే సరి. ఫోన్ చేసి చెప్పాడు కూడా.

"కారు రిపేరుకిస్తాండా."

"ఇయ్యండి," అని భార్గవి ఫోన్ పెట్టేసింది.

అక్కడి నుంచి అతని కష్టాలు మొదలయ్యాయి.

మొదట ఆటోనగర్లో పేరున్న టింకరింగ్ మేస్త్రీకి ఇచ్చాడు. మేస్త్రీ డిక్కీ మీద తాతగారి సొట్ట ఒకటి ఎంతో నైపుణ్యంగా తీశాడు. తీసి, చెమట తుడుచుకుని చూస్తే, షెడ్డు ముందర నిలబెట్టిన అతని కొత్త స్కూటర్ ముందుభాగం లోపలికి పోయి ఉంది. ఓంప్రకాష్‌ను పిలిపించాడు.

"సీమ రేకని నాకు తెల్వక కాదన్నా. సొట్ట యాడికో ఒక తావుకు పోవాల, కాదన్ను. నా స్కూటర్‌కే పోవాల్నా? ఇంకా కంతులు కూడా కట్టల్యా."

"దూరంగా పెట్టుకోవాల్సింది గదప్పా!"

"ఎంత దూరం? నువ్వే చెప్పు. అవతల మా అక్క ఇల్లు, ఇవతల ట్రాన్స్‌ఫార్మరు. తీస్కపో అన్నా, నీకు దండం పెడతా."

రెండో షెడ్డువాడు కారును ఒక మూలకు తోసి, ఎప్పుడడిగినా రేపు అన్నాడు. ఓంప్రకాష్ రోజూ మధ్యాహ్నం కొట్టు మూసి పోయేవాడు. కారు మీద కోళ్ళు పడుకునేవి. ఒకరోజు పోరు పడలేక వాడు సుత్తి తీసుకుని మడ్‌గార్డు మీద ఒక్కటి వేశాడు. పక్కన రంగు ఆరుతున్న పెండ్లివారి కారు తలుపుకు గుంట పడింది. పెండ్లివారు ఇద్దరినీ కలిపి తిట్టారు. తిట్టడంలో తనను మించినవాళ్ళు ఉన్నారని ఓంప్రకాష్‌కు ఆరోజే తెలిసింది.

మూడోవాడు తెలివైనవాడు. సొట్టలు తీయనే లేదు. అన్నింట్లో పుట్టీ కూరి, గీకి, పైన రంగు కొట్టి, అద్దంలా చేసి ఇచ్చాడు. రంగు కూడా పెసర రంగు కాదు, ఆస్పత్రి గోడల రంగు. గాంధీ చౌక్ దగ్గర మొదటి గుంతలో చక్రం పడగానే పుట్టీ పెచ్చులు పెచ్చులుగా ఊడి రోడ్డు మీద పడింది. వెనకొచ్చే ఆటోవాడు దిగి, "అన్నా, నీ బండి తెల్లజొన్న రొట్టెలు పెడతాంది," అన్నాడు. హెడ్‌లైట్ల చుట్టూ ఉండే మెరుపు కడియాలు కూడా ఆ షెడ్డులోనే మాయమయ్యాయి. ఏవయ్యా అంటే, ఎలుకలు అన్నాడు వాడు, కండ్లలోకి చూసి మరీ.

చివరికి విసిగిపోయి, పనివాణ్ణి తన కొట్టు వెనకకే పిలిపించుకున్నాడు. కండ్లముందర చేయిస్తే మోసం ఉండదు, బిందెలకు గోడ అడ్డముంది అనుకున్నాడు. మోసం జరగలేదు. బానెట్టు మీద నాయన సొట్టలు వరసగా పోయాయి. గోడకు ఇవతల కొత్త బిందెల వరస మొత్తం నడుములు వంచింది. సాయంత్రం ఒకామె బిందె తిప్పి చూసి, "ఏందప్పా, వాడిన సామాను అమ్ముతాండావా?" అని అడిగి వెళ్ళిపోయింది. ఓంప్రకాష్ ఆ పూట కొట్టు ముందే మూసి, చీకటి పడకుండానే అన్నం కూడా తినకుండా పడుకున్నాడు.

ఆళ్ళగడ్డలో ప్రేమ్ సాగర్ అనేవాడున్నాడని పెయింటు కొట్టాయన చెప్పాడు. "పని మంచిది. మనిషే, ఏం చెప్పాల, నువ్వే చూస్తావ్ లే," అన్నాడు.

ఇంజను మాత్రం బంగారం, దానికి ఏ రోగమూ లేదు. సరిగా మూతపడని కుడి డోరును తాడుతో కట్టి, ఎడమవైపు నుంచి లోపలికి పాకి, ఓంప్రకాష్ కారును ఆళ్ళగడ్డకు తోలుకుపోయాడు. దారి పొడుగునా నల్లరేగడి చేలు, మధ్య మధ్య మిరప తోటలు. ఊరి మొగదల రోడ్డుకు రెండువైపులా శిల్పుల చెక్కుడు షెడ్లు. ముక్కు లేని గరుత్మంతుడు, చేతులింకా రాని అమ్మవారు, కాళ్ళ దగ్గర రాయిగానే ఉన్న నాయకుడు. వాళ్ళ మధ్యలో ఒక రేకుల షెడ్డు. అదే ప్రేమ్ సాగర్‌ది.

అతను మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కారును పడుకునే చూశాడు.

"సీమ రేకు," అన్నాడు.

"సొట్టలు ఎగిరిపోతాయని తెలుసా?"

"అందుకే గదన్నా ఈడ షెడ్డు ఏసింది. రాయికి సొట్ట పడదు. అటు రాయి, ఇటు రాయి. ఇంక పోతే మా ఇంటిదాని పెనానికే పోవాల."

షెడ్డు వాకిట్లో ప్రేమ్ సాగర్ భార్య లూదియా గుంతపొంగనాలు పోస్తూ ఉంది. శిల్పుల దగ్గర పనిచేసేవాళ్ళంతా అక్కడే తింటారు. ఆమె పక్కన చదును ఇనుప పెనాలు కొన్ని పేర్చి ఉన్నాయి. సొట్టలు తీసేటప్పుడు వాటిలో ఒకటి కారు కింద పెడతారట. సొట్టలు వచ్చి దాంట్లో వరసగా పడితే పొంగనాల పెనం తయారవుతుంది. లూదియా వాటిని అమ్ముతుంది కూడా.

ఓంప్రకాష్ అంత సులభంగా నమ్మే స్థితిలో లేడు. "ఎప్పటికైతాది?" అన్నాడు.

"అయినప్పుడు."

"అట్లా చెప్తే ఎట్లప్పా? ఒక మాటనేది ఉండాల గదా!"

"రేపంటే నమ్ముతావా?"

ఓంప్రకాష్‌కు రెండో షెడ్డు కోళ్ళు గుర్తొచ్చాయి. పళ్ళు కొరుక్కుని, బస్సెక్కి నంద్యాలకు వచ్చేశాడు.

ప్రేమ్ సాగర్ అబద్ధం చెప్పేవాడు కాదు, అసలు ఏమీ చెప్పేవాడు కాదు. ఫోన్ ఎత్తడు. ఎవరిదో పెండ్లంటే పోతాడు, చర్చిలో కూటాలంటే పోతాడు, వాన మబ్బు పట్టిందంటే మంచం దిగడు. ఓంప్రకాష్ బస్సులో వచ్చి, షెడ్డు మొత్తం అదిరేలా అరిచి, లూదియా పెట్టిన పొంగనాలు తిని, బస్సులో వెళ్ళిపోయేవాడు. వచ్చిన ప్రతిసారీ మాత్రం కారు కొంచెం నున్నగా కనిపించేది. అది చూసి ఇంకా కోపం వచ్చేది, ఎందుకంటే తిట్టడానికి కారణం తగ్గిపోతూ ఉంది.

"ఈ డోరు సొట్ట ఎట్లా పడిందన్నా?" అని ఒకరోజు లూదియా అడిగింది.

"కరెంటు స్తంభం."

"స్తంభం నడుచుకుంటా వచ్చిందా?"

"మా ఇంట్లో వాళ్ళు తోలినారు."

"అక్కను ఒకపారి పిల్చుకురా. మేం చూడల్యా."

ఓంప్రకాష్ పల్లీల చట్నీ కారంగా ఉందని తిట్టాడు. ఆమె ఇంకొంచెం వేసింది.

చివరికి అన్నీ పోయి డోరు సొట్ట ఒకటి మిగిలింది. అది పోలేదు. ప్రేమ్ సాగర్ కొడితే కొంచెం కదిలి, పెనం దాకా వచ్చి, మళ్ళీ డోరుకే పోయేది. పెద్ద మూకుడు పెట్టి చూశాడు. నీళ్ళ డ్రమ్ము పెట్టి చూశాడు. దేంట్లోనూ దిగలేదు.

"దీనికి ఇనుము పట్టల్యాదన్నా. పోనీ, ఉండనీ. మిగతాదంతా బాగుంది గదా," అన్నాడు.

"ఉండనీయడమా?" ఓంప్రకాష్‌కు ఒళ్ళంతా మండింది. ఇన్ని షెడ్లు, ఇన్ని బస్సులు, ఇన్ని పొంగిపోయిన పాలు, అన్నీ కలిసి ఒక్కసారి గొంతులోకి వచ్చాయి. "నేను వచ్చిందే దానికోసమప్పా! మిగతా బండి సముద్రంలో పారెయ్! ఈ డోరు చెయ్! పండుకోను చాతనైతాది, పెండ్లిండ్లకు పోను చాతనైతాది, ఒక సొట్ట తీయను చాతగాదా నీకు?" డోరు మీద చెయ్యి వేసి, ప్రేమ్ సాగర్ మొహంలో మొహం పెట్టి అరుస్తున్నాడు. చెక్కుడు షెడ్లలో ఉలుల మోత ఆగిపోయింది.

ప్రేమ్ సాగర్‌కు ఎప్పుడూ రాని కోపం వచ్చింది. "జరుగన్నా!" అన్నాడు. ఓంప్రకాష్ జరగలేదు. ప్రేమ్ సాగర్ సుత్తి ఎత్తి డోరుకు లోపలివైపు నుంచి ఒకే ఒక్క దెబ్బ వేశాడు.

డోరు చదునైంది.

ముగ్గురూ చుట్టూ చూశారు. పెనం చదునుగానే ఉంది. డ్రమ్ము బాగుంది. రోడ్డు మీద ఆటో బాగుంది. చేతుల్లేని అమ్మవారు కూడా ఎట్లున్నామె అట్లే ఉంది.

"అన్నా," అంది లూదియా, "నీ బుగ్గ."

ఓంప్రకాష్ కారు అద్దంలో చూసుకున్నాడు. కుడి బుగ్గన సొట్ట పడి ఉంది. అంత పెద్ద డోరు సొట్ట మనిషి కొలతకు తగ్గట్టు చిన్నదై కుదురుకుంది. నొప్పి లేదు. పళ్ళు కొరికితే లోతవుతోంది, నోరు తెరిస్తే ఇంకా లోతవుతోంది.

"తీసెయ్ దీన్ని!"

"సుత్తితోనా?" అన్నాడు ప్రేమ్ సాగర్. కొంచెం సేపు ఎగాదిగా చూసి, "కాలికో చేతికో పడింటే ఇబ్బంది. బుగ్గే గదన్నా. పోనీ లే," అని రంగు డబ్బా మూత తీయడానికి పోయాడు.

అసలు ఇబ్బంది ఏమిటో ఓంప్రకాష్‌కు మరుసటి రోజు తెలిసింది. పొద్దున కొట్టు ముందర అరటిపండ్లామె బండి అడ్డం పెట్టింది. అతను రోజూ తిట్టినట్టే తిట్టాడు. ఆమె తలెత్తి చూసి, సిగ్గుపడుతున్నట్టు నవ్వి, "ఈ పొద్దు సావుకారు కుశాలుగా ఉండాడు," అని ఒక పండు చేతిలో పెట్టింది. కంపెనీ సేల్స్‌మన్‌ను తిడితే అతనూ నవ్వాడు. అడ్డమొచ్చిన లారీ డ్రైవర్‌ను తల్లి పేరెత్తి తిడితే అతను కిటికీలోంచి చెయ్యి ఊపి పోయాడు. కోపం రావడం మానలేదు. లోపల కుతకుతమంటూనే ఉంది. బయటికి పోయేసరికి బుగ్గ లోతు పడి, మొహం మొత్తం నవ్వుతున్నట్టు అయిపోతోంది. ఎంత గట్టిగా అరిస్తే అంత నవ్వు. జీవితమంతా తన చేతిలో ఉన్న కర్రను ఎవరో లాక్కుని పూలదండ చేతికిచ్చినట్టు అయింది అతనికి.

పెసర రంగు ఆరిన రోజున ఓంప్రకాష్ ఆళ్ళగడ్డ నుంచి నేరుగా కోయిలకుంట్లకు కారు తోలాడు. అత్తగారు యశోదమ్మ వాకిట్లో వడియాలు ఎండబెడుతూ ఉంది. అల్లుణ్ణి చూసి, లేచి, లోపలికి కేకేసింది. భార్గవి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. కారు చుట్టూ ఒకసారి తిరిగింది. కుడి డోరు మీద అరచెయ్యి పెట్టి పై నుంచి కిందికి నిమిరింది.

"నున్నగా చేసినారు," అంది.

"చేసినారు గదా. ఇంక బయల్దేరు, బేగా."

"ఎందుకు?"

"ఎందుకేంది? డోరు బాగైపాయ గదా!"

"డోరు అలిగి వచ్చిందా ఈడికి?"

అంతే, ఓంప్రకాష్ కట్ట తెంచుకున్నాడు. తాను తిరిగిన షెడ్లు, పోయిన కడియాలు, వంగిన బిందెలు, తాడు కట్టిన డోరు, ఎడమవైపు నుంచి పాకడం, అన్నీ ఏకరువు పెట్టి వీధంతా వినేలాగా అరిచాడు. ఇరుగుపొరుగు బయటికొచ్చారు. ఎదురింటి అరుగు మీదున్న ముసలాయన బోసినోటితో నవ్వాడు. యశోదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

భార్గవి నవ్వలేదు. దగ్గరికొచ్చి అతని కుడి బుగ్గ వంక చూసింది. పైన వెడల్పు, కింద సన్నం, చెవి వైపు చిన్న వంకర. ఆ ఆకారం ఆమెకు తెలుసు.

"ఇది నేను కొట్టిన సొట్ట," అంది.

"అదే."

"నొస్తాందా?"

ఓంప్రకాష్ బుగ్గ తడుముకున్నాడు. ఇన్ని రోజుల్లో ఆ మాట ఎవరూ అడగలేదు. తాను ఆ రోజు స్తంభం దగ్గర అడగలేదని కూడా అప్పుడే తట్టింది.

"నొప్పి ల్యా," అన్నాడు గొంతు దించి. "కోపమే... ఎవురికీ తగలడం ల్యా."

"నాకు తగిలింది ఆ పొద్దు."

"తగలాలనే అన్నా." కారు చక్రం వైపు చూశాడు. "ఇంక అనను."

"అన్నా తగలదు లెండి," అని భార్గవి చెయ్యి చాపింది. "తాళాలు ఇట్లియ్యండి. వచ్చేది రానిది తర్వాత. ముందు నేను తోల్తా."

అతను ఇచ్చాడు. ఎడమవైపు ఎక్కి కూర్చున్నాడు. ఊరి పొలిమేర దాటేలోగా ఆమె ట్రాక్టర్ ట్రాలీకి వెంట్రుకవాసిలో పక్కగా పోయింది. అతను అరవనే అరిచాడు. ఆమె అతని మొహం వంక చూసి, ఇంక ఆపుకోలేక, కారు పక్కకు ఆపి స్టీరింగ్ మీద తల పెట్టి నవ్వింది. కండ్లు తుడుచుకున్నాక, కారు వెనక్కి తిప్పలేదు. నంద్యాల దారే పట్టింది.

ఆ తర్వాత సీమ కారు షెడ్డులో నిలబడింది తక్కువ. భార్గవి వెనక సీటు తీయించి, దాంట్లో స్టీలు సామాన్లు పేర్చుకుని చుట్టుపక్కల సంతలకు పోవడం మొదలుపెట్టింది. నంద్యాల కొట్టుకు ఎన్నడూ రాని పల్లెల ఆడవాళ్ళు సంతలో కారు చుట్టూ మూగుతారు. ఓంప్రకాష్ పక్క సీట్లో ఒడిలో గిన్నెలు పెట్టుకుని కూర్చుంటాడు. బ్రేకుల గురించీ గేర్ల గురించీ దారి పొడుగునా చెబుతాడు. ఆమె వినదు.

మొన్న బండి ఆత్మకూరు అనే ఊరి సంతలో మణెమ్మ అనే ముసలామె ఒక బిందె చేతబట్టుకుని, ఎంతకూ తెగని బేరం చేసింది. ఓంప్రకాష్ లేచి, ఒంట్లో ఉన్న కోపమంతా కూడగట్టుకుని, ఆ ధరకు మట్టిముంత కూడా రాదని అరిచాడు. ముసలామె బిందె కింద పెట్టి, రెండు చేతులతో అతని బుగ్గలు పట్టుకుని అటూ ఇటూ ఊపింది.

"ఎంత నవ్వుమొగమప్పా నీది! మీయమ్మ ఎట్లా కనిందో," అంది.

ఓంప్రకాష్ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అతన్ని ఆ మాట ఎవరూ అనలేదు. భార్గవి వైపు చూశాడు. ఆమె బానెట్టు తెరిచి రేడియేటర్లో నీళ్ళు పోస్తూ ఉంది, ఇటు తిరగలేదు. అతను బిందె తీసి, గుడ్డతో తుడిచి, ముసలామె నెత్తిన చుట్టకుదురు సర్దుకునేదాకా ఆగి, తన చేతులతోనే దాన్ని ఆమె తలకెత్తాడు.